ఓడినవాళ్ల కుర్చీ

2021 అక్టోబరు 10 రాత్రి జూబ్లీహిల్స్ పబ్లిక్ స్కూల్లో మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్, అదే మనందరం ‘మా’ అని పిలిచే సంఘం, అధ్యక్ష ఎన్నిక ఫలితం ప్రకటించింది. గెలిచిన మంచు విష్ణు కన్నీళ్లు ఆపుకోలేకపోయారు. ఓడిన ప్రకాశ్‌రాజ్ ఆయన్ను దగ్గరికి తీసుకుని ఓదార్చారు. నెలల తరబడి మాటల తూటాలు విని విసిగిపోయిన ప్రేక్షకులు టీవీల ముందు కూర్చుని హమ్మయ్య అనుకున్నారు. మర్నాడే ప్రకాశ్‌రాజ్ సంఘం సభ్యత్వానికి రాజీనామా చేశారు. ఆయనకు అండగా నిలిచిన నాగబాబు కూడా చేశారు. 12వ తేదీన ప్రకాశ్‌రాజ్ ప్యానెల్ తరఫున గెలిచిన పదకొండు మందీ పదవులు వదులుకుంటున్నామని ప్రెస్ మీట్ పెట్టి చెప్పారు. పోలింగ్ రోజున తనను తిట్టారంటూ ఒక సీనియర్ నటుడు అక్కడే కంటతడి పెట్టారు.

ఆ కౌగిలింత నటన అని నేననుకోను. అది నిజంగానే జరిగింది, మనస్ఫూర్తిగానే జరిగింది. అయినా దాని బలం ఒక్క రాత్రికి మించి నిలవలేదు. ఒకే ఇంటివాళ్లు పోటీపడినప్పుడు ఇల్లు నిలబడాలంటే మర్యాద ఒక్కటే చాలదని నేననడానికి అదే మొదటి ఆధారం. వేరే పార్టీతో పోరాడేటప్పుడు ఎన్నిక అయ్యాక ఎవరి దారి వాళ్లది. ఒకే సంఘంలో, ఒకే పార్టీలో పోటీ జరిగితే మర్నాడు ఉదయం మళ్లీ అదే సెట్‌లో మేకప్ వేసుకోవాలి, అదే ఆఫీసులో పక్కపక్కన కూర్చోవాలి. అమెరికాలో పార్టీల ప్రైమరీ ఎన్నికల గురించి పుస్తకాలకు పుస్తకాలు రాశారు. మన దగ్గర పార్టీ టికెట్టు బీ-ఫారం రూపంలో పైనుంచి వస్తుంది కాబట్టి అలాంటి ఎన్నిక మనకు పెద్దగా తెలియదు. ఇంటిలోపలి పోటీ నిజంగా ఎలా ఉంటుందో చూడాలంటే తెలుగువాళ్లకు ఫిల్మ్‌నగర్‌ను మించిన చోటు లేదు. ఫిల్మ్ చాంబర్, నిర్మాతల మండలి, కల్చరల్ సెంటర్, ‘మా’... అన్నీ కూతవేటు దూరంలో ఉంటాయి. ఏ ఎన్నికైనా ఆ మనుషుల మధ్యే.

‘మా’ 1993లో పుట్టింది. చిరంజీవి తొలి అధ్యక్షుడు. తర్వాత మురళీమోహన్ చాలాకాలం నడిపించారు. తొలి రెండు దశాబ్దాలు చాలావరకు పెద్దలు కూర్చుని మాట్లాడుకుని పేర్లు ఖరారు చేసేవారు. ఆ పద్ధతికి పెద్ద కుదుపు 2015లో వచ్చింది. రాజేంద్రప్రసాద్, జయసుధ తలపడ్డారు. మురళీమోహన్ జయసుధ వైపు, నాగబాబు రాజేంద్రప్రసాద్ వైపు నిలిచారు. మార్చి 29న పోలింగ్ అయినా వ్యవహారం కోర్టుకెక్కడంతో ఓట్ల లెక్కింపు ఏప్రిల్ 17 దాకా ఆగింది. రాజేంద్రప్రసాద్ 85 ఓట్ల తేడాతో గెలిచారు. పోలింగ్‌కూ లెక్కింపుకూ మధ్య గడిచిన ఆ దాదాపు మూడు వారాల్లో సంఘం రెండుగా చీలిందన్న మాట ఊరంతా పాకింది.

కాబట్టి 2017లో పోటీ వద్దనుకున్నారు. శివాజీరాజా అధ్యక్షుడిగా, నరేశ్ ప్రధాన కార్యదర్శిగా కమిటీ ఏకగ్రీవంగా ఏర్పడింది. అందరూ సంతోషించారు. ఏడాదిన్నర తిరక్కముందే, 2018లో, అమెరికాలో జరిపిన రజతోత్సవ కార్యక్రమం నిధుల విషయంలో ఆ ఇద్దరే ఎదురెదురుగా ప్రెస్ మీట్లు పెట్టుకున్నారు. 2019 మార్చి 10న ఆ ఇద్దరే అధ్యక్ష పదవికి పోటీపడ్డారు. నరేశ్ 69 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు.

ఈ వరుసను కాస్త ఆగి చూడాలి. ఏకగ్రీవం గొడవను ఆపలేదు, రెండేళ్లు వాయిదా వేసింది. పోటీ ఉంటే ఎవరికి ఎంత బలముందో, ఎవరి అభ్యంతరం ఏమిటో బయటపడుతుంది. పోటీ లేకుండా పదవులు పంచుకుంటే ఆ అభ్యంతరాలన్నీ కమిటీ గదిలోకి వచ్చి కూర్చుంటాయి. మన సమాజానికి ఏకగ్రీవం మీద ఉన్న మోజు చిన్నది కాదు. పంచాయతీ ఎన్నికల్లో ఏకగ్రీవం చేసుకున్న ఊళ్లకు ప్రభుత్వాలు నగదు బహుమతులు ఇస్తాయి. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రకటించింది. ఆ ప్రకటనలను అప్పటి రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ ప్రశ్నించారు కూడా. ఊరంతా కలిసి మంచి మనిషిని ఎన్నుకుంటే అంతకన్నా కావలసిందేముంది? కానీ పోటీ చేద్దామనుకున్నవాణ్ని నలుగురూ కూర్చోబెట్టి నోరు నొక్కితే దాన్ని ఐక్యత అనడం నాకు మనసొప్పదు. ఆ మనిషి ఐదేళ్లపాటు ఊళ్లో మౌనంగా తిరుగుతాడు. ఆ మౌనం ఏదో ఒకనాడు కేసుగానో, కొట్లాటగానో బయటికొస్తుంది.

పోటీ వద్దనేవాళ్లతోపాటు, పోటీ ఉన్నా మాట బయటికి రాకూడదనేవాళ్లూ ఉన్నారు. 2020 జనవరి 2న పార్క్ హయత్‌లో ‘మా’ డైరీ ఆవిష్కరణ సభ జరిగింది. చిరంజీవి, మోహన్‌బాబు, కృష్ణంరాజు లాంటి పెద్దలంతా వేదిక మీద ఉన్నారు. మంచి ఉంటే మైకులో, చెడు ఉంటే చెవిలో చెప్పుకుందామని చిరంజీవి హితవు పలికారు. కాసేపటికే అప్పటి ఎగ్జిక్యూటివ్ వైస్ ప్రెసిడెంట్ రాజశేఖర్ మైకు అందుకుని సంఘంలో లోపల నిప్పు ఉందనీ, దాన్ని కప్పిపుచ్చడం తగదనీ వాదించారు. వేదిక మీదే మాటామాటా పెరిగింది. ఆయన పదవికి రాజీనామా చేశారు.

చిరంజీవి మాటలో కుటుంబ పెద్ద ఆవేదన ఉంది, దాన్ని కాదనలేం. చిన్న తగువు టీవీ చర్చలోకి వెళితే పర్వతమవుతుంది. అయితే చెడును చెవిలో చెప్పాలంటే వినే చెవి ఒకటుండాలి కదా. కమిటీ సమావేశం జరగకపోతే, లెక్కలు చూపించకపోతే, అభ్యంతరాన్ని మినిట్స్‌లో రాసుకోకపోతే ఆ చెడును ఎవరి చెవిలో చెప్పాలి? రాజశేఖర్ పద్ధతి తప్పనే అంటాను, పండగ సభ అందుకు వేదిక కాదు. కానీ ఆయన మాట్లాడదలచుకున్న విషయానికి ఇంటి లోపల చోటు దొరికి ఉంటే మైకు దాకా వెళ్లేదా?

ఆ లోపలి చెవిగా ఒకప్పుడు దాసరి నారాయణరావు ఉండేవారు. కార్మికుడి వేతనం దగ్గర్నుంచి నిర్మాతల తగాదా దాకా జూబ్లీహిల్స్‌లో ఆయన ఇంటి గుమ్మం తొక్కేవి. 2017 మే 30న ఆయన పోయాక ఆ పెద్దరికం ఎవరికీ పూర్తిగా బదిలీ కాలేదు. తాను పరిశ్రమ పెద్దగా ఉండననీ, ఇద్దరు తగువు పడితే పంచాయితీ చేయననీ, కష్టమొస్తే మాత్రం నిలబడతాననీ 2022 జనవరిలో చిరంజీవి ప్రకటించారు. ఆయన నిర్ణయం నాకు సరైనదిగానే తోచింది. పెద్దమనిషి తీర్పు ఆయన ఎవరి పక్షమూ కానంతకాలమే చెల్లుతుంది. 2021 ఎన్నికలో గెలిచిన అభ్యర్థి తండ్రి ఒక పెద్ద, ఓడిన అభ్యర్థికి అండగా నిలిచిన నాగబాబు మరో పెద్ద కుటుంబానికి చెందినవారు. అలాంటప్పుడు పెద్దరికం స్థానంలో నిబంధన రావాలి. అది రాలేదు.

ఇప్పుడు 2021 సంగతికి వద్దాం. ఇంటిలోపలి పోటీకి సంబంధించిన మంచీ చెడూ మొత్తం ఆ నాలుగు నెలల్లోనే ఉంది.

నరేశ్ కమిటీ గడువు ఆ ఏడాది మార్చితో తీరింది. కరోనా కారణంగా ఎన్నిక ఆగింది. జూన్ చివర్లో ప్రకాశ్‌రాజ్ తన ప్యానెల్‌ను పరిచయం చేశారు. విష్ణు బరిలోకి దిగారు. హేమ, జీవిత కూడా అధ్యక్ష పదవికి పోటీ చేస్తామన్నారు, తర్వాత ఇద్దరూ ప్రకాశ్‌రాజ్ ప్యానెల్‌లో చేరారు. అభ్యర్థులు వచ్చారు, ప్రచారం మొదలైంది, ఎన్నిక తేదీ మాత్రం లేదు. నిధుల ఖర్చు మీద ఆరోపణలు, వాటికి షోకాజ్ నోటీసులు, వాటికి జవాబులు. ఆగస్టులో చిరంజీవి క్రమశిక్షణ సంఘం అధ్యక్షుడు కృష్ణంరాజుకు లేఖ రాసి, సభ్యుల బహిరంగ వ్యాఖ్యల వల్ల పరువు పోతోందనీ, వీలైనంత త్వరగా ఎన్నిక జరపాలనీ కోరారు. ఆ తర్వాతే అక్టోబరు 10 ఖరారైంది.

పరుష పదాలు ఎప్పుడు పెరిగాయో గమనించండి. నామినేషన్ల తర్వాత పెరిగిన వేడి ఒక ఎత్తు, తేదీ లేని ఆ వానాకాలంలో పేరుకున్న కసి మరొక ఎత్తు. తేదీ ఉంటే ప్రచారానికి ఒక చివర ఉంటుంది, ఆ రోజు దాకా ఓర్చుకుందామనే ఆలోచన ఉంటుంది. నిర్మాతల మండలిలోనూ ఇదే జరిగింది. గడువు తీరినా ఎన్నిక జరపడం లేదని 2022 చివర్లో కొందరు నిర్మాతలు ఫిల్మ్ చాంబర్ ఆవరణలో నిరసనకు కూర్చున్నారు. 2023 ఫిబ్రవరిలో ఎన్నిక పెట్టాక ఆ వేడి చల్లారింది, దామోదర ప్రసాద్ స్వల్ప తేడాతో గెలిచి పని మొదలుపెట్టారు.

ఇక ‘లోకల్, నాన్ లోకల్’ వాదన. బెంగళూరులో పుట్టిన ప్రకాశ్‌రాజ్ తెలుగు నటుల సంఘానికి అధ్యక్షుడెలా అవుతారని అడిగారు. ఈ ప్రశ్నను అడగకూడదని నేననను. ఒక భాష నటుల సంఘం నాయకత్వానికి ఆ భాషవాళ్లే కావాలని సభ్యులు కోరుకోవచ్చు, అది చర్చించదగ్గ విషయమే. కానీ దాన్ని చర్చించాల్సిన చోటు జనరల్ బాడీ, రాయాల్సిన చోటు బైలాస్. సభ్యత్వం ఇచ్చి, చందా తీసుకుని, నామినేషన్ కూడా ఒప్పుకున్నాక ఎన్నిక మధ్యలో ఆ ప్రశ్న ఎత్తితే అది అర్హత గురించిన ప్రశ్నగా మిగలదు, మనిషికి జరిగిన అవమానం అవుతుంది. రాజీనామా చేస్తూ ప్రకాశ్‌రాజ్ చెప్పిన కారణం కూడా అదే: అతిథిగా వచ్చాను, అతిథిగానే ఉంటానన్నారు. ఇరవై ఏళ్లకు పైగా తెలుగు తెర మీద తండ్రిగా, మామగా, విలన్‌గా ఇంటింటికీ తెలిసిన మనిషి నోట ఆ మాట వినడం నాకు బాధ కలిగించింది. అసలు ఈ కొండల మీద ‘లోకల్’ ఎవరు? అక్కినేని నాగేశ్వరరావు 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలుపెట్టేనాటికి ఇక్కడ బండరాళ్లు, తుప్పలు. మద్రాసు నుంచి మూటాముల్లె సర్దుకుని వచ్చినవాళ్లూ, కోస్తా నుంచీ సీమ నుంచీ తెలంగాణ జిల్లాల నుంచీ బస్సెక్కి వచ్చినవాళ్లూ కట్టిన ఊరిది.

పోలింగ్ రోజున బ్యాలెట్ పేపర్లో ఇరవై ఆరు పదవులున్నాయి. అధ్యక్షుడు, ఎగ్జిక్యూటివ్ వైస్ ప్రెసిడెంట్, ఇద్దరు ఉపాధ్యక్షులు, ప్రధాన కార్యదర్శి, కోశాధికారి, ఇద్దరు సంయుక్త కార్యదర్శులు, పద్దెనిమిది మంది ఎగ్జిక్యూటివ్ కమిటీ (ఈసీ) సభ్యులు. ఓటు హక్కున్న 883 మందిలో పోస్టల్ ఓట్లతో కలిపి 665 మంది ఓటేశారు. అధ్యక్షుడిగా విష్ణుకు 381, ప్రకాశ్‌రాజ్‌కు 274. ప్రధాన కార్యదర్శిగా విష్ణు ప్యానెల్ నుంచి రఘుబాబు, కోశాధికారిగా అదే ప్యానెల్ నుంచి శివబాలాజీ. కానీ ఎగ్జిక్యూటివ్ వైస్ ప్రెసిడెంట్‌గా ప్రకాశ్‌రాజ్ ప్యానెల్‌లోని శ్రీకాంత్. ఉపాధ్యక్షుల్లో ఒకరు అటు విష్ణు ప్యానెల్‌లోని మాదాల రవి, ఒకరు ఇటు ప్రకాశ్‌రాజ్ ప్యానెల్‌లోని బెనర్జీ. సంయుక్త కార్యదర్శుల్లో ఒకరు అటు గౌతంరాజు, ఒకరు ఇటు ఉత్తేజ్. ఈసీలో పది మంది అటు, ఎనిమిది మంది ఇటు.

ఈ అంకెలను నేను ఎన్నిసార్లు చూసినా ఒకటే అనిపిస్తుంది. ఓటు వేసిన ఆర్టిస్టులు ప్యానెల్ చూసి కళ్లు మూసుకుని గుద్దలేదు. ఒక్కొక్క పేరు దగ్గరా ఆగి, ఈయన మాకు ఫోనెత్తుతాడా, ఆవిడ కష్టమొస్తే వస్తుందా అని ఆలోచించి వేశారు. టీవీల్లో నాయకులు తిట్టుకుంటున్నా, క్యూలో నిలబడినవాళ్లు రెండు వైపుల నుంచీ మనుషుల్ని ఏరి పదిహేను, పదకొండుగా కలిపి ఒక కమిటీని ఇచ్చారు. ఐక్యతను సభ్యులు బ్యాలెట్ మీదే చేసి చూపించారు. దాన్ని విప్పేసింది గెలిచినవాళ్లు.

రాజీనామా చేసినవాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. రెండు ప్యానెళ్ల వాళ్లు కలిసున్న కమిటీలో గొడవలే మిగులుతాయనీ, గత కమిటీలో పనులు అలాగే ఆగాయనీ, కొత్త అధ్యక్షుడు తన హామీలు అడ్డు లేకుండా నెరవేర్చుకోవడానికే తప్పుకుంటున్నామనీ చెప్పారు. చూడటానికి పెద్దమనసుతో చేసినట్టే ఉంది. కానీ గతం ఆ వాదనకు సాక్ష్యం చెప్పదు. 2018లో తగవులాడుకున్నది ఏకగ్రీవంగా వచ్చిన కమిటీలోని అధ్యక్షుడు, కార్యదర్శి. 2020 జనవరిలో వేదిక మీద నిలదీసిన రాజశేఖర్ నరేశ్ సొంత ప్యానెల్ మనిషే. గొడవకు మూలం ప్యానెళ్లు కలవడంలో లేదు, డబ్బు లెక్కలూ నిర్ణయాలూ అందరి ముందుకూ రాకపోవడంలో ఉంది. అవతలి ప్యానెల్ నుంచి పదకొండు మంది కూర్చుని ఉంటే ఆ లెక్కలు చూసే కళ్లు ఉండేవి. వాళ్లకు ఓటేసిన పేద కళాకారుడికి ఆ కళ్లే కావాలి.

ఎందుకంటే ఈ సంఘం పెద్ద హీరోలకు అవసరమైంది కాదు. వాళ్లకు మేనేజర్లున్నారు, లాయర్లున్నారు. షూటింగుకు పిలుపు రాక నెలలు గడిపే క్యారెక్టర్ ఆర్టిస్టుకు, ఒంట్లో బాగోలేక మంచాన పడిన పాత తరం నటికి, నెలనెలా వచ్చే పింఛనూ ఆరోగ్య బీమా కార్డూ ఈ సంఘమే. ప్రకాశ్‌రాజ్, విష్ణు ఇద్దరూ సొంత భవనం కడతామన్నారు. ఇద్దరూ సంక్షేమం గురించే మాట్లాడారు. హామీల్లో పెద్ద తేడా లేని పోటీ వ్యక్తిగత దూషణలోకి తొందరగా జారుతుంది. ప్రత్యర్థి చెప్పిందే నేనూ చెబుతుంటే, నేను మెరుగని చూపించడానికి అతను పనికిరాడని చెప్పడం తప్ప దారి ఉండదు. విధానాల మీద నిజమైన తేడా ఉన్న పోటీయే మర్యాదగా సాగే అవకాశం ఎక్కువ. సభ్యత్వ రుసుము ఎంత ఉండాలి, బయటి రాష్ట్రాల నటుల్ని తీసుకునేటప్పుడు స్థానికులకు ఎన్ని పాత్రలివ్వాలి, భవనానికి డబ్బు ఎవరిస్తారు, ఇచ్చినవాళ్లకు దాని మీద ఏ హక్కుంటుంది... వీటి మీద వాదించుకుని ఉంటే ఎంత బాగుండేది.

లెక్కింపు గురించి ఒక మాట. ఆ రాత్రి అన్ని పదవుల ఫలితాలూ రాలేదు. కొన్నింటిని మర్నాటికి వాయిదా వేశారు. రాత్రి గెలిచినట్టు వార్తల్లో వచ్చిన అనసూయ మర్నాటికి ఓడినట్టు తేలింది, ఆమె తన ఆశ్చర్యాన్ని బహిరంగంగానే చెప్పుకున్నారు. తర్వాత ప్రకాశ్‌రాజ్ పోలింగ్ నాటి సీసీ కెమెరా ఫుటేజీ కావాలని ఎన్నికల అధికారికి లేఖ రాశారు. అక్కడ తప్పు జరిగిందని నేననడం లేదు. ఒక్క రాత్రి ఆలస్యం ఎన్ని అనుమానాలకు తావిస్తుందో చెబుతున్నాను. ఓడినవాడు ఓటమిని ఒప్పుకోవడం అతని సంస్కారం మీద ఎంత ఆధారపడుతుందో, లెక్కింపు మీద అంతకన్నా ఎక్కువ ఆధారపడుతుంది.

మద్రాసులో మన పొరుగు సంఘం అనుభవం ఇంకా పెద్దది. దక్షిణ భారత నటీనటుల సంఘానికి 2015 అక్టోబరులో జరిగిన ఎన్నికలో శరత్‌కుమార్ వర్గాన్ని నాజర్, విశాల్ జట్టు ఓడించింది. అక్కడా ప్రధాన వివాదం సంఘం భవనమే. పోటీ ఎంత తీవ్రంగా ఉన్నా విశ్రాంత న్యాయమూర్తి పద్మనాభన్ పర్యవేక్షణలో జరిగింది కాబట్టి ఫలితం నిలిచింది. 2019 జూన్ 23న మళ్లీ ఎన్నిక జరిపారు. ఈసారి కోర్టు వివాదాల్లో పడి బ్యాలెట్ పెట్టెలు బ్యాంకు లాకర్లోకి వెళ్లాయి. 2022 మార్చి 20న గానీ లెక్కించలేదు. నాజర్, విశాల్ జట్టే గెలిచింది. కానీ మధ్యలో దాదాపు మూడేళ్లు ఎన్నికైన కమిటీ లేక సంఘం స్తంభించింది, కరోనా కష్టకాలం కూడా అందులోనే గడిచింది. కేరళలో ‘అమ్మ’ సంఘం దారి వేరు. మలయాళ సినీరంగంలో మహిళల పరిస్థితులపై జస్టిస్ హేమ కమిటీ ఇచ్చిన నివేదిక దుమారం మధ్య 2024 ఆగస్టులో మోహన్‌లాల్ కమిటీ మూకుమ్మడిగా తప్పుకుంది. ఏడాది తర్వాత, 2025 ఆగస్టు 15న, బహిరంగ పోటీలో శ్వేతా మేనన్ తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. దశాబ్దాల ఏకగ్రీవాలు తేలేని మార్పును ఒక్క పోటీ తెచ్చింది.

పార్టీల వైపు చూద్దాం, అదీ ఇదే గడ్డ మీద. జూబ్లీహిల్స్ నియోజకవర్గమంటే బంగళాలే గుర్తొస్తాయి గానీ ఓట్లన్నీ బోరబండ, యూసుఫ్‌గూడ, రహమత్‌నగర్, ఎర్రగడ్డ, షేక్‌పేట బస్తీల్లో ఉంటాయి. 2023లో కాంగ్రెస్ టికెట్టును ఇక్కడి మాజీ ఎమ్మెల్యే, పి. జనార్దనరెడ్డి కుమారుడు విష్ణువర్ధనరెడ్డి ఆశించారు. పార్టీ అజారుద్దీన్‌కు ఇచ్చింది. విష్ణువర్ధనరెడ్డి బీఆర్ఎస్‌లో చేరిపోయారు. రాష్ట్రమంతా కాంగ్రెస్ గాలి వీచిన ఆ ఎన్నికలో జూబ్లీహిల్స్‌లో మాగంటి గోపీనాథ్ 16 వేల పైచిలుకు ఓట్లతో గెలిచారు. టికెట్టు గొడవే ఓటమికి కారణమని తేల్చి చెప్పలేం, నగరం చాలావరకు బీఆర్ఎస్ వైపే మొగ్గింది. అయినా ఒక తరం పాటు ఆ పార్టీకి పట్టున్న కుటుంబం బయటికెళ్లిపోవడం చిన్న నష్టం కాదు.

2025లో గోపీనాథ్ మరణంతో ఉప ఎన్నిక వచ్చింది. ఈసారీ ఆశావహులు చాలామందే. అజారుద్దీన్ పేరును ముందుగానే గవర్నర్ కోటా ఎమ్మెల్సీకి ప్రతిపాదించారు. టికెట్టు 2014లో మజ్లిస్ తరఫున, 2018లో స్వతంత్రుడిగా ఇక్కడే పోటీ చేసి ఓడిన నవీన్ యాదవ్‌కు దక్కింది. మాజీ ఎంపీ అంజన్‌కుమార్ యాదవ్ అలిగితే మంత్రులు ఇంటికెళ్లి బుజ్జగించారు. పోలింగ్‌కు పదకొండు రోజుల ముందు అజారుద్దీన్ మంత్రిగా ప్రమాణం చేశారు. నవంబరు 14న నవీన్ యాదవ్ 24,729 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. రెండేళ్లలో ఆ పార్టీ ఒక సంగతి నేర్చుకుంది: టికెట్టు రానివాడికి చోటు చూపించకుండా టికెట్టు ప్రకటించకూడదని. అయితే ఈ చోటు పైవాళ్ల దయతో వచ్చింది. ఓటు వేయించుకుని ఓడినవాడికి హక్కుగా వచ్చే చోటు వేరు. కార్యకర్తల ఓటుతో అభ్యర్థిని ఎంచుకునే పద్ధతి మన పార్టీల్లో లేనంతకాలం బుజ్జగింపులే మిగులుతాయి, ప్రతిసారీ ఇవ్వడానికి మంత్రి పదవులుండవు.

అదే కాంగ్రెస్ 2022 అక్టోబరులో జాతీయ అధ్యక్ష పదవికి నిజమైన పోటీ పెట్టింది. గాంధీభవన్‌లో తెలంగాణ ప్రతినిధులూ ఓటేశారు. ఖర్గేకు 7,897, శశిథరూర్‌కు 1,072. ఉత్తరప్రదేశ్‌లో అక్రమాలు జరిగాయని థరూర్ వర్గం ఫిర్యాదు చేసింది, ఫలితం వచ్చాక థరూరే అభినందనలు చెప్పారు. 2023 ఆగస్టులో వర్కింగ్ కమిటీని పునర్‌వ్యవస్థీకరించినప్పుడు ఆయన్ను తీసుకున్నారు. ఆ కమిటీ తొలి సమావేశం మరుసటి నెల హైదరాబాద్‌లోనే, బంజారాహిల్స్ తాజ్‌కృష్ణలో జరిగింది. పోటీ చేసినందుకు శిక్ష పడదని కింది కార్యకర్తకు తెలిసేది ఇలాంటి నిర్ణయాల వల్లే. 2008లో అమెరికాలో హిల్లరీ క్లింటన్, ఒబామా నెలల తరబడి ఘాటుగా పోరాడారు. డెన్వర్ మహాసభలో రాష్ట్రాల వారీ ఓటింగ్ మధ్యలో ఆపి ఒబామాను ఏకగ్రీవంగా ఎంపిక చేయాలని ప్రతిపాదించింది హిల్లరీయే. తర్వాత ఆమె విదేశాంగ మంత్రి అయ్యారు. అక్కడ ఏకగ్రీవం పోటీ అయ్యాక వచ్చింది, పోటీకి బదులుగా రాలేదు.

ప్రవాస తెలుగు సంఘాల్లోనూ చూడండి. తానా నుంచి 1990 ప్రాంతంలో ఆటా వేరుపడింది. ఉన్న ఇంట్లో ఇమడలేకపోతే ఇంకో ఇల్లు కట్టుకోవడం మనవాళ్లకు అలవాటైన దారి. కానీ 2021లో తానా ఎన్నికలో ఓడిన నరేన్ కొడాలి సంఘంలోనే ఉండి, తర్వాతి ఎన్నికలో గెలిచి, 2025లో అధ్యక్షులయ్యారు. ఓటమి ఒక పదవీకాలానికే పరిమితమని ఆయన ఉదాహరణ చెబుతుంది.

ఫిల్మ్ చాంబర్ నుంచి ‘మా’ నేర్చుకోదగింది ఒకటుంది. అక్కడ నిర్మాతలు, పంపిణీదారులు, ఎగ్జిబిటర్లు, స్టూడియోల వాళ్లు అని నాలుగు విభాగాలున్నాయి. అధ్యక్ష పదవి విభాగాల మధ్య వంతుల వారీగా తిరుగుతుంది. 2023 జులైలో నిర్మాతల వంతు వచ్చినప్పుడు దిల్ రాజు, సి. కల్యాణ్ గట్టిగానే పోటీపడ్డారు. 48 ఓట్లలో 31 దిల్ రాజుకు, 17 కల్యాణ్‌కు వచ్చాయి. మరుసటి ఏడాది పంపిణీదారుల విభాగం నుంచి భరత్ భూషణ్ వచ్చారు. ఆ ఎన్నికలోనూ విమర్శలు వినిపించాయి, కానీ వంతు ఎప్పుడు వస్తుందో తెలిసినవాడికి ఇంటిని తగలబెట్టాల్సిన అవసరం ఉండదు.

‘మా’ బైలాస్‌లో నేను కోరుకునేవి ఇవి. కమిటీ గడువు తీరడానికి నెలల ముందే తర్వాతి ఎన్నిక తేదీ ప్రకటించాలి, తేదీ రాకముందు ప్యానెల్ ప్రచారం ఉండకూడదు. పోటీకి ఎవరు అర్హులో ముందే రాసుకోవాలి, రాయనిదాన్ని ప్రచారంలో ఎత్తినవారిని క్రమశిక్షణ సంఘం పిలవాలి. ఆ సంఘంలో అభ్యర్థుల బంధువులెవరూ ఉండకూడదు. పోలింగ్, లెక్కింపు సంఘంతో సంబంధం లేని విశ్రాంత న్యాయమూర్తి చేతిలో, రెండు ప్యానెళ్ల ఏజెంట్ల ఎదుట, ఆగకుండా ఒకే విడతలో సాగాలి. పోస్టల్ ఓట్ల బాధ్యతంతా ఎన్నికల అధికారిదే కావాలి, అభ్యర్థుల మనుషులు వాటి జోలికి పోకూడదు. మూడు నెలలకోసారి జమాఖర్చులు సభ్యులందరికీ పంపాలి. కమిటీలో అభ్యంతరం చెప్పినవారి మాటను మినిట్స్‌లో వారి పేరుతోనే నమోదు చేయాలి.

చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది. అధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడినవారికి, పోలైన ఓట్లలో కనీసం మూడో వంతు వచ్చి ఉంటే, ఆ పదవీకాలమంతా ఈసీలో ఒక స్థానం నిబంధన ప్రకారమే దక్కాలి, ఓటు హక్కుతో సహా. ఈ లెక్కన 2021లో 274 ఓట్లు తెచ్చుకున్న ప్రకాశ్‌రాజ్‌కు ఆ స్థానం దక్కేది. కమిటీ పదవులకు వచ్చిన రాజీనామాలను ఆ ఏడాది చివర్లో విష్ణు ఆమోదించారు, ప్రకాశ్‌రాజ్, నాగబాబుల సభ్యత్వ రాజీనామాలను మాత్రం ఆమోదించలేదు. ఆ రెండో నిర్ణయం మంచిదే. కానీ సభ్యుడిగా ఉండిపొమ్మనడానికీ, వచ్చి లెక్కలు చూడమనడానికీ చాలా తేడా ఉంది. ఈ సవరణను జనరల్ బాడీ ముందు పెట్టాల్సింది ఓడినవాళ్లు కాదు, అప్పటికి గెలిచి ఉన్న కమిటీ.